ఇంటరప్టుల వరద: కెర్నెల్‌కి "ఇక చాలు" అనడం ఎందుకు చేతకాదు?

మన హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల్లో సిస్టమ్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళితే ఒక ప్రశ్న తప్పదు. "టాప్ హాఫ్ అంటే ఏంటి, బాటమ్ హాఫ్ అంటే ఏంటి?" మనవాళ్ళు కూడా అమీర్‌పేట నోట్సులోంచి దించినట్టు గడగడా చెప్పేస్తారు. ఇంటరప్టు రాగానే చెయ్యాల్సిన అత్యవసరమైన పని టాప్ హాఫ్‌లో, మిగతాది నిదానంగా బాటమ్ హాఫ్‌లో, టాప్ హాఫ్‌లో నిద్రపోకూడదు, మ్యూటెక్సు పట్టుకోకూడదు. అడిగినవాళ్ళకీ తృప్తి, చెప్పినవాళ్ళకీ తృప్తి. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ ఇంటరప్టులు ఆగకుండా వస్తూనే ఉంటే? మిగతా పనికి వంతే రాకపోతే?

ఇది పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఉండాల్సిన సంగతి కాదని నా గట్టి నమ్మకం. ఆపరేటింగ్ సిస్టమ్ అంటేనే మెషీన్లో ఎవరికి ఎంత సమయం దక్కాలో నిర్ణయించేది కదా. ప్రాసెసులకి షెడ్యూలరు ఉంది, మెమరీకి హద్దులున్నాయి, డిస్కుకి కోటాలున్నాయి. హార్డ్‌వేరు వచ్చి తలుపు కొడితే మాత్రం చేతిలో పని వదిలేసి పరిగెత్తాల్సిందే, ఎన్నిసార్లు కొట్టినా సరే. దాదాపు ముప్పై ఏళ్ళుగా ఈ జబ్బు మనకి తెలుసు, మందూ తెలుసు. ఆ మందుని లినక్స్ ఒక్క నెట్‌వర్కింగ్ గదిలో పెట్టుకుని మిగతా ఇంటిని గాలికొదిలేసిందన్నదే నా ఫిర్యాదు.

(ఇంటరప్టుకి "అంతరాయం" అని తెలుగు మాట వాడదామని మొదట అనుకున్నాను. కానీ "అంతరాయానికి చింతిస్తున్నాము" అని దూరదర్శన్ వాళ్ళు వేసిన బోర్డు గుర్తొచ్చి ఆగిపోయాను. పైగా "అంతరాయాల వరద" అంటే కరెంటాఫీసు మీద రాసిన అర్జీలా ఉంటుంది. అందుకని ఇంటరప్టే.)

సరే, అసలు విషయానికొద్దాం. నెట్‌వర్కు కార్డుకి ఒక ప్యాకెట్ వచ్చింది. కార్డు ప్రాసెసర్‌ని గిల్లుతుంది. ప్రాసెసర్ అప్పటిదాకా చేస్తున్న పని ఆపి, రిజిస్టర్లు దాచుకుని, డ్రైవర్ రాసిన హ్యాండ్లర్‌లోకి దూకుతుంది. హ్యాండ్లర్ ఆ ప్యాకెట్‌ని ఒక క్యూలో పడేసి వెనక్కొస్తుంది. తర్వాత ఐపీ లేయరు దాన్ని క్యూలోంచి తీసి చూస్తుంది, ఆ తర్వాత మన అప్లికేషన్ చదువుకుంటుంది. మొత్తం మూడు మెట్లు. పై మెట్టుకి ఎప్పుడూ ప్రాధాన్యం ఎక్కువ. అంటే కింది మెట్టు మీద ఎంత పని పేరుకుపోయినా, కొత్త ప్యాకెట్ తలుపు కొడితే మొదట దాని దగ్గరికే వెళ్ళాలి.

రోజుకి పదిమంది వచ్చే ఇంట్లో ఈ పద్ధతి బాగానే ఉంటుంది. ఇప్పుడు లెక్క చూడండి. పాత 10 మెగాబిట్ ఈథర్నెట్ మీద అతి చిన్న ఫ్రేములు (64 బైట్లు) వరసగా వస్తే సెకనుకి 14,880. అదే గిగాబిట్ మీద 14,88,095. అంటే ఒక్కో ప్యాకెట్‌కి మన దగ్గరున్న సమయం 672 నానోసెకన్లు. 10 గిగాబిట్‌కి వస్తే 67 నానోసెకన్లే. మెయిన్ మెమరీ దాకా ఒక్కసారి వెళ్ళి రావడానికే ఇంచుమించు అంత పడుతుంది. ఇంటరప్టులోకి వెళ్ళి, హ్యాండ్లర్ నడిపి, బయటికి రావడానికి పోనీ ఒక్క మైక్రోసెకను చాలనుకుందాం. ప్యాకెట్‌కి ఒక ఇంటరప్టు చొప్పున వేస్తే గిగాబిట్‌కే లెక్క తప్పింది. ప్రాసెసర్ మొత్తం గుమ్మం దగ్గరే ఖర్చయిపోయింది.

గుమ్మం అన్నాను కాబట్టి ఒక పెళ్ళి ఊహించుకోండి. పెళ్ళికూతురి తండ్రి ఒక్కడే ఉన్నాడు. ఆహ్వానమూ ఆయనే, వడ్డనా ఆయనే. పైగా ఇంట్లో పెద్దవాళ్ళు ఒక నియమం పెట్టారు: గుమ్మంలో ఎవరైనా కనిపిస్తే చేతిలో గరిటె అక్కడే వదిలేసి, వెళ్ళి "రండి బావగారూ, రండి" అని పన్నీరు చల్లి లోపలికి తీసుకురావాలి. పదిమంది వచ్చినంతసేపూ అందరూ తృప్తిగా భోంచేశారు. బస్సులు దిగడం మొదలైంది. ఆయన గుమ్మం నుంచి కదల్లేకపోతున్నాడు. లోపల విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళకి వడ్డించే దిక్కు లేదు, లేచేవాళ్ళు లేరు, కొత్తగా తీసుకొచ్చినవాళ్ళకి చోటు లేదు. పన్నీరు చల్లించుకుని లోపలికి వచ్చినవాళ్ళు అటునుంచి అటే వెనక్కి పోతున్నారు. ఆయన ఒళ్ళంతా చెమటలు, ఒక్కరి కడుపూ నిండలేదు.

దీన్నే లైవ్‌లాక్ అంటారు. డెడ్‌లాక్‌లో అందరూ కదలకుండా కూర్చుంటారు, కాబట్టి పట్టుకోవడం కాస్త సులువు. లైవ్‌లాక్‌లో ప్రాసెసర్ 100 శాతం పనిచేస్తూనే ఉంటుంది, బయటికొచ్చే పని సున్నా. అన్నిటికన్నా దారుణం ఏంటంటే, పారేయబోయే ప్యాకెట్ మీద కూడా ముందు కష్టపడి, తర్వాత పారేస్తాం.

ఈ సంగతిని కొలిచి చూపించినవాళ్ళు జెఫ్రీ మోగల్, కె. కె. రామకృష్ణన్. 1996లో యూజ్‌నిక్స్ సమావేశంలో ఇచ్చిన పేపర్ అది. డిజిటల్ కంపెనీ ఆల్ఫా మెషీన్ని రూటర్‌గా పెట్టి ప్యాకెట్లు తోశారు. మామూలు కెర్నెల్ సెకనుకి సుమారు 4,700 ప్యాకెట్ల దాకా పంపగలిగింది, ఆ పైన తోసేకొద్దీ తగ్గింది. మధ్యలో స్క్రీన్‌డీ అనే ఫైర్‌వాల్ ప్రోగ్రాము (అది యూజర్ ప్రాసెసు, అంటే కింది మెట్టు) పెడితే 2,000 దగ్గరే తిరగబడి, 6,000 దగ్గర పూర్తిగా సున్నా. ఆ రోజుల్లో మామూలు ఈథర్నెట్టే 14,880 మొయ్యగలదని గుర్తుంచుకోండి. అంటే ఏ దాడీ అక్కర్లేదు, తీగలో సగం నిండితే చాలు, రూటర్ చచ్చినట్టే.

ఆ పేపర్లో నాకు బాగా నచ్చే భాగం వేరే ఉంది. వాళ్ళు ముందు అందరూ ఊహించే మార్పే చేశారు. ఇంటరప్టు రాగానే మళ్ళీ ఇంటరప్టు రాకుండా ఆపేసి, ఒక కెర్నెల్ థ్రెడ్ తీరిగ్గా కార్డు దగ్గరికెళ్ళి ప్యాకెట్లు తెచ్చుకునేలా చేశారు. పోలింగ్ అన్నమాట. ఇంతటితో సమస్య తీరిపోవాలి కదా? తీరలేదు, ఇంకా పాడైంది. ఎందుకంటే ఆ థ్రెడ్ లోపలికొచ్చే ప్యాకెట్లని తెస్తూనే ఉండిపోయింది, బయటికి పంపే పనికి వంతు రాలేదు. ఒక విడతకి ఇన్నే అని కోటా పెట్టాక గానీ గ్రాఫు నిలబడలేదు. కింది క్యూ మూడొంతులు నిండితే పైనుంచి తేవడం ఆపెయ్యమని ఇంకో సంకేతం కూడా పెట్టారు. కాబట్టి ఇంటరప్టా, పోలింగా అన్న వాదన ఇక్కడ అసలు విషయం కాదు, హద్దు ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఇప్పటికీ చాలామంది ఈ పేపర్ పేరు చెప్పి "పోలింగ్ మంచిది" అని సగం మాటే చెప్తారు.

లినక్స్‌లోకి ఈ ఆలోచన న్యాపి అనే పేరుతో వచ్చింది. జమాల్ హాదీ సలీం, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ 2001లో దాని మీద పేపర్ రాశారు, 2.4.20 కెర్నెల్‌లోకీ 2.6 లోకీ చేరింది. మొదటి ప్యాకెట్‌కి ఇంటరప్టు వస్తుంది. డ్రైవర్ వెంటనే కార్డు నోరు మూసి "నేనే వస్తాలే" అంటుంది. ఒక విడతకి 64 ప్యాకెట్లు. 64 కంటే తక్కువే దొరికితే రద్దీ లేనట్టు, ఇంటరప్టులు మళ్ళీ తెరుస్తారు. 64 నిండితే ఇంకా ఉన్నట్టే, మళ్ళీ వంతు వచ్చినప్పుడు మళ్ళీ వెళతారు. అన్ని కార్డులకీ కలిపి ఒక్క రౌండులో 300 దాటకూడదని ఇంకో హద్దు. ఇది మన బంతి భోజనాల పద్ధతే! బంతి లేచేదాకా తలుపు మూసి ఉంటుంది, ఆలోగా వచ్చినవాళ్ళు పందిట్లో కూర్చుంటారు, పందిరి నిండితే ఇంటికి పోతారు. ఆ పోయేవాళ్ళ మీద పన్నీరు కూడా ఖర్చవదు. కార్డు రింగు నిండాక వచ్చిన ప్యాకెట్‌ని కార్డే పారేస్తుంది, ప్రాసెసర్‌కి తెలియను కూడా తెలియదు.

పారెయ్యడం అనేసరికి మన ఇంజనీర్లకి అదేదో తప్పు చేసినట్టు ఉంటుంది. ఇక్కడ కాస్త పక్కదారి పడతాను. 1969 జూలై 20న అపోలో 11 చంద్రుడి మీద దిగుతుంటే కంప్యూటరు 1202 అని అలారం కొట్టిన కథ మీరు వినే ఉంటారు. రాందేవూ రాడార్ వైపు నుంచి అక్కర్లేని పల్సులు సెకనుకి 12,800 దాకా వచ్చి పడ్డాయి. ఒక్కో పల్సు ఆ కంప్యూటరు నుంచి ఒక మెమరీ సైకిల్, అంటే సుమారు 11.7 మైక్రోసెకన్లు దొంగిలించింది. గుణించి చూడండి, దాదాపు 15 శాతం సమయం గాల్లో కలిసింది. హార్డ్‌వేరు నేరుగా కాజేస్తున్న సమయం కాబట్టి సాఫ్ట్‌వేరు దాన్ని ఆపలేదు. కానీ ఏ పని ముఖ్యం, ఏది వదిలేసినా ఫరవాలేదు అన్నది ముందే తేల్చి పెట్టుకుంది. అలారం కొట్టి, రీస్టార్ట్ చేసుకుని, చిల్లర పనులు పారేసి, దిగడానికి అవసరమైన లెక్కలు మాత్రం కొనసాగించింది. అన్నీ చేస్తానని మొండికేసే కంప్యూటరు అయితే కథ వేరేలా ఉండేది.

ఇంతవరకూ శుభం. నెట్‌వర్కింగ్‌లో లినక్స్ చాలా దూరం వచ్చింది. 2016లో 4.8 కెర్నెల్‌తో ఎక్స్‌డీపీ వచ్చి, ప్యాకెట్‌కి మెమరీ కేటాయించకముందే డ్రైవర్ దగ్గరే పారేసే వీలు కూడా ఇచ్చింది. ఒక్క కోరు సెకనుకి రెండు కోట్ల పైచిలుకు ప్యాకెట్లు పారెయ్యగలదని దాన్ని తయారుచేసినవాళ్ళే కొలిచి చూపించారు.

ఇప్పుడు నెట్‌వర్కు గది దాటి బయటికి రండి.

పాత పీసీఐ ఇంటరప్టు తీగలు లెవెల్ ట్రిగ్గర్డ్, పైగా ఒకే తీగని ముగ్గురు నలుగురు డివైజులు పంచుకుంటాయి. తీగ లాగిన డివైజుని డ్రైవర్ సముదాయించేదాకా ఆ తీగ బిగుసుకునే ఉంటుంది. ఒక డివైజు తీగ లాగింది, దానికి డ్రైవరే లోడ్ అవ్వలేదు అనుకోండి. కెర్నెల్ ఆ తీగ మీదున్న హ్యాండ్లర్లందరినీ అడుగుతుంది: "నీదా?" "నాది కాదు." "నీదా?" "నాదీ కాదు." సరే అని వెనక్కొస్తుంది. తీగ ఇంకా బిగుసుకునే ఉంది కాబట్టి మరుక్షణం మళ్ళీ ఇంటరప్టు. ఇక ఆ ప్రాసెసర్ అక్కడే.

దీనికి లినక్స్ దగ్గర ఒక మందు ఉంది. ఒక తీగ మీద వచ్చిన లక్ష ఇంటరప్టుల్లో 99,900 ఎవరూ తమవని ఒప్పుకోకపోతే, ఆ తీగని కోసేస్తుంది. డీమెసేజిలో "నోబడీ కేర్డ్" అని రాసి, "డిసేబ్లింగ్ ఐఆర్‌క్యూ" అంటుంది. లినక్స్ వాడినవాళ్ళలో ఈ మాట చూడనివాళ్ళు తక్కువ. ఎవ్వరికీ పట్టలేదట! కెర్నెల్ కోడులో ఇంత మనసు కదిలించే వాక్యం ఇంకోటి లేదు :)

నా అభ్యంతరం రెండు విధాలుగా. ఒకటి, శిక్ష. అదే తీగ మీద ఏ పాపమూ ఎరగని డిస్కు కంట్రోలర్ ఉంటే దానికీ ఉరిశిక్షే. తర్వాత కెర్నెల్ ఒక టైమరుతో సెకనుకి పదిసార్లు వెళ్ళి "ఏమైనా ఉందా" అని పలకరిస్తుంది. అలా నడిచే డిస్కుని డిస్కు అనడం మర్యాద కోసమే. ఫ్రీబీఎస్‌డీ వాళ్ళని చూడండి. అక్కడ హ్యాండ్లర్లు థ్రెడ్లుగా నడుస్తాయి. ఒక తీగ మీద తుఫాను అనిపిస్తే దాన్ని చంపరు, హ్యాండ్లర్‌ని టైమర్ టిక్కుకి ఒక్కసారే నడుపుతారు. హద్దు ఎంతో అడ్మిన్ పెట్టుకోవచ్చు. తుఫాను తగ్గితే మామూలైపోతుంది. గొంతు నులమడానికీ, "నెమ్మదిగా మాట్లాడు బాబూ" అనడానికీ తేడా ఉంది కదా.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ 99,900 లెక్క ఎవరూ ఒప్పుకోని ఇంటరప్టులకే. "నాదే" అని హ్యాండ్లర్ ఒప్పుకుంటే చాలు, సెకనుకి ఎన్ని లక్షలొచ్చినా కెర్నెల్‌కి అభ్యంతరం లేదు. నేను చూసిన వరదల్లో ఎక్కువ భాగం ఈ రకమే, సక్రమమైన ఇంటరప్టులు, అక్రమమైన సంఖ్యలో.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో నెట్‌వర్కు బాక్సులు తయారుచేసేవాళ్ళం. ఒక కస్టమర్ దగ్గర వారానికోసారి బాక్సు మేనేజ్‌మెంట్ కన్సోల్ చచ్చిపోయేది. "బాసూ, పింగ్‌కి కూడా పలకట్లేదు" అని సపోర్టు కుర్రాడి ఫోను, మేం చూసేలోపు దానంతట అదే బాగయ్యేది. వాళ్ళ ఆఫీసులో ఎవరో స్విచ్చులో కేబులు అటు చివరా ఇటు చివరా గుచ్చి లూప్ చేస్తున్నారు, బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు గిరగిరా తిరుగుతున్నాయి. మా మేనేజ్‌మెంట్ పోర్టుకి చిప్పు అమ్మినవాళ్ళు ఇచ్చిన పాత డ్రైవర్, ప్యాకెట్‌కొక ఇంటరప్టు. టాప్ కమాండులో చూస్తే అప్లికేషనే ప్రాసెసర్ తినేస్తున్నట్టు కనిపించేది, దాంతో అప్లికేషన్ టీము మూడు వారాలు ప్రొఫైలింగ్ చేసింది. పైవాళ్ళ నిర్ణయం: "అది కస్టమర్ నెట్‌వర్కు సమస్య. కావాలంటే పెద్ద మోడల్ అమ్ముదాం." అమ్మారు కూడా. పెద్ద మోడల్లోనూ అదే పోర్టు, అదే డ్రైవర్, అదే చావు. చివరికి ఆ చిప్పు డేటాషీటు చదివిన ఒక సీనియరు, ఇంటరప్టుల మధ్య కనీస వ్యవధి పెట్టే రిజిస్టర్లో ఒక అంకె రాస్తే సరిపోయింది. సెకనుకి 8,000 మించకుండా, అంటే 125 మైక్రోసెకన్లకి ఒకటి. ఆ కస్టమర్ కట్టిన డబ్బులు మాత్రం వెనక్కి వెళ్ళలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అదే.

టాప్ ఎందుకు అబద్ధం చెప్పిందన్నది కూడా తెలుసుకోవాల్సిన సంగతే. టిక్కు టిక్కుకీ "ఇప్పుడు ఎవరు నడుస్తున్నారు" అని చూసి లెక్క రాసే పద్ధతి ఉందనుకోండి. హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపూ ఇంటరప్టులు ఆపి ఉంటాయి కాబట్టి ఆ టిక్కు కూడా లోపలికి రాలేదు. హ్యాండ్లర్ అయిపోయాక వస్తుంది, అప్పుడు కనిపించేది పాపం వెనకాల ఆగి ఉన్న మన అప్లికేషన్. దొంగతనం ఒకడిది, కేసు ఇంకొకడి మీద. ఇంటరప్టు సమయాన్ని విడిగా, గడియారం చూసి కొలిచే ఆప్షన్ కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఉంది. అది ఆన్ చెయ్యని ఎంబెడెడ్ కెర్నెళ్ళు కోకొల్లలు.

డిస్కుల వైపు కూడా ఇదే కథ. ఎన్వీఎంఈ డ్రైవులు వచ్చాక స్టోరేజీ అంటే నెమ్మది అన్న రోజులు పోయాయి. 2019 ఆగస్టులో లినక్స్ కెర్నెల్ డెవలపర్ల మధ్య దీని మీద పెద్ద చర్చే జరిగింది. ప్రాసెసర్లు ఎక్కువ, డ్రైవు ఇచ్చే క్యూలు తక్కువ. పలు ప్రాసెసర్లు పని పంపిస్తుంటాయి, అయిపోయిందన్న కబుర్లన్నీ ఒక్క ప్రాసెసర్‌కే వస్తాయి. పంపేవాళ్ళు పదిమంది, రసీదు తీసుకునేవాడు ఒక్కడు. ఆ ఒక్కడూ హార్డ్ ఇంటరప్టులోనే ఉండిపోయి సాఫ్ట్ లాకప్ హెచ్చరికలు. వరదని గుర్తించి హ్యాండ్లర్‌ని థ్రెడ్‌లోకి తోసే ప్యాచీలు ప్రతిపాదించారు. అలాంటి సాధారణ వరద-గుర్తింపు మెయిన్‌లైన్‌లోకి చేరలేదు.

చేర్చకూడదన్నవాళ్ళ వాదనలో పస ఉంది, ఒప్పుకుంటాను. క్యూల పంపకం సరిగ్గా లేకపోతే అది సరిచెయ్యాలి, డ్రైవర్ తప్పయితే డ్రైవర్ని దిద్దాలి, మధ్యలో కెర్నెల్ తెలివి చూపిస్తే అసలు తప్పు కప్పడిపోతుంది. పైగా ప్రతి ఇంటరప్టుకీ గడియారం చూడాలంటే ఆ ఖర్చు వరద లేనివాళ్ళు కూడా మొయ్యాలి. అన్ని హ్యాండ్లర్లనీ థ్రెడ్లు చేసేస్తే ఒక్కో ఇంటరప్టుకీ కాంటెక్స్ట్ స్విచ్ ఖర్చు. లేటెన్సీ కోసం ప్రాణం పెట్టేవాళ్ళు ఊరుకోరు.

అయినా నేను ఒప్పుకోలేని చోటు ఒకటుంది. డ్రైవరే లేని వేళ సంగతేంటి? కేడంప్ తీసుకోండి. ప్రొడక్షన్ సర్వర్ పానిక్ అయింది. ముందే దాచిపెట్టుకున్న కాస్త మెమరీలోకి రెండో కెర్నెల్ లేచి, చచ్చిన కెర్నెల్ మెమరీని డిస్కు మీదకి రాసి పెట్టాలి. మధ్యలో బయాస్ లేదు, రీసెట్ లేదు. ఇంట్లో యజమాని పోయాడని డివైజులకి ఎవరూ చెప్పలేదు, అవి యథాప్రకారం తలుపు కొడుతూనే ఉన్నాయి. రెండో కెర్నెల్‌కి సాధారణంగా ఒక్క ప్రాసెసర్ ఇస్తారు, డ్రైవర్లు ఇంకా లోడ్ కాలేదు. ఆ క్షణంలో ఒక కార్డు వరదలా ఇంటరప్టులు కురిపిస్తే రెండో కెర్నెల్ లేవకుండానే మునిగిపోతుంది. పొద్దున్న మీటింగులో "ఆర్‌సీఏ ఏదయ్యా" అని మేనేజరు అడుగుతాడు, మన దగ్గర డంపు ఉండదు. రెడ్ హ్యాట్ కేడంప్ సెట్టింగుల్లో ఐఆర్‌క్యూపోల్ అన్న ఆప్షన్ ఎందుకు ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఇలా దిక్కులేని ఇంటరప్టులు వస్తాయని అనుభవం మీద తెలిసి పెట్టిందే. కానీ అది హ్యాండ్లర్లందరినీ మళ్ళీ మళ్ళీ అడిగే మార్గమే తప్ప హద్దు పెట్టే మార్గం కాదు. వరదని హెచ్చరించి అణిచే ప్యాచీలు 2020లోనూ కేడంప్ కోసమే వచ్చాయి. "డ్రైవర్ని దిద్దుకోండి" అన్న సలహా అక్కడ ఎవరికి ఇస్తారు?

నాకు కావాల్సింది ఏదో కొత్త శాస్త్రం కాదు. ప్రతి ఇంటరప్టు తీగకీ ఒక బడ్జెట్ ఉండాలి, సెకనులో ఒక ప్రాసెసర్ సమయంలో ఇంత శాతం అని. డిఫాల్టుగా చాలా వదులుగా పెట్టండి, 80 శాతం అనండి, మామూలువాళ్ళకి తగలనే తగలదు. దాటితే మొదట దాన్ని థ్రెడ్‌లోకి తొయ్యండి, అక్కడ షెడ్యూలరు దానికి వంతు నిర్ణయిస్తుంది. అయినా తగ్గకపోతే టిక్కుకి ఒకసారి. తీగ కొయ్యడం ఆఖరి మెట్టు. ఏ మెట్టు ఎక్కినా డీమెసేజిలో పేరు పెట్టి రాయండి, అప్పుడు తప్పు కప్పడిపోయే ప్రసక్తే లేదు. ఇప్పుడు మెషీను బిగుసుకుపోయి రీబూట్ చేస్తేనే కదా అసలు ఆధారాలు పోతున్నది. సమయం కొలిచే ఖర్చంటారా, ఇంటరప్టు సమయం విడిగా లెక్కపెట్టే డిస్ట్రోలు ఆ ఖర్చు ఇప్పటికే కడుతున్నాయి. థ్రెడ్డు ఇంటరప్టులు 2009 నుంచి (2.6.30) మెయిన్‌లైన్‌లో ఉన్నాయి, రియల్‌టైమ్ కెర్నెల్ కూడా 2024లో 6.12తో మెయిన్‌లైన్‌లో కలిసింది. ముక్కలన్నీ ఇంట్లోనే ఉన్నాయి, కుట్టాల్సిన వాళ్ళు కుట్టాలి.

క్లౌడ్ ఉండగా ఇవన్నీ మనకెందుకు అనేవాళ్ళకి ఒక మాట. క్లౌడు మెషీను లోపల కూడా ఇంటరప్టులే. వర్చువల్ కార్డు, వర్చువల్ డిస్కు, అవే క్యూలు. కోర్లు పెంచితే పోతుందనుకుంటారు గానీ ఇంటరప్టులన్నీ సున్నా నంబరు కోరుకే వెళుతుంటే మిగతా 31 కోర్లూ ఖాళీగా కూర్చుని చూస్తుంటాయి, బిల్లు మాత్రం 32కీ వస్తుంది. ప్రోక్ కింద ఇంటరప్ట్స్ ఫైలుని సెకను తేడాతో రెండుసార్లు చూడండి, ఏ వరుస, ఏ కోరు కింద ఎగురుతోందో తెలిసిపోతుంది. ప్రోక్ నెట్ కింద సాఫ్ట్‌నెట్_స్టాట్‌లో మూడో నిలువు వరుస పెరుగుతుంటే, బంతి ముగిసినా బయట ఇంకా జనం ఉన్నారని అర్థం. ఆ అంకెలు హెక్సాలో ఉంటాయి, కంగారు పడకండి.

సర్వర్లతో పనిలేనివాళ్ళకి కూడా ఇంట్లో చూసుకోవడానికి ఒకటి ఉంది. లినక్స్ లాప్‌టాప్ ఏ పనీ చెయ్యకుండానే వేడెక్కి, ఫ్యాను మోగుతూ, కేవర్కర్ అనే థ్రెడ్ ఒక కోరుని పూర్తిగా తినేస్తుంటే, సిస్ ఫర్మ్‌వేర్ ఏసీపీఐ ఇంటరప్ట్స్ డైరెక్టరీలోకి వెళ్ళండి. జీపీఈ అని మొదలయ్యే ఫైళ్ళు వరసగా ఉంటాయి. అందులో ఏదో ఒక్కదాని అంకె లక్షల్లో ఉండి ఇంకా పెరుగుతుంటే దొంగ దొరికినట్టే. ఆ ఫైల్లోకి డిసేబుల్ అని రాస్తే ఫ్యాను అప్పటికి నోరు మూస్తుంది. రీబూట్ చేస్తే మళ్ళీ మొదలు, కాబట్టి బూట్ ఆప్షన్లలో ఏసీపీఐ_మాస్క్_జీపీఈ అని దాని నంబరు ఇవ్వాలి. తర్వాత లాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోతోందా, చార్జరు తీస్తే బ్యాటరీ గుర్తు మారుతోందా అన్నది మాత్రం ఒకసారి చూసుకోండి, ఆ జీపీఈ వాటిది కూడా అయ్యుండొచ్చు.